సవర, గోండు ఊళ్లకు మొదట వచ్చిన తెల్ల పరిశోధకుల రాతలు: గోడ మీద ప్రదర్శన పెట్టాలంటే దేన్ని ఎంతవరకు నమ్మాలి?

వంశధార – గునుపూర్

అందరికీ నమస్కారం. మా గ్రంథాలయంలో ఒక గోడంతా ఖాళీ చేసి ఇచ్చారు. మానవశాస్త్రం పేరుతో ఈ కొండల మీదికి మొదట వచ్చిన తెల్లవాళ్లు ఎవరు, ఏం రాశారు, ఎలా రాబట్టారు అన్నది పన్నెండు పలకల్లో చూపించాలని ఆలోచన. చదివేవాళ్లు తెలుగూ ఒడియా వచ్చిన కాలేజీ పిల్లలు. చుట్టుపక్కల సవర ఊళ్ల పెద్దలు కూడా వస్తారు. సవరల మీద ఫాసెట్ వ్యాసం, దక్షిణాది కులాలూ తెగల మీద థర్‌స్టన్ సంపుటాలు, సవరల మతం మీద ఎల్విన్ పుస్తకం చేతిలో ఉన్నాయి. మూడింట్లో సవరలు మూడు రకాలుగా కనబడుతున్నారు. ఏ పేజీని ఎంతవరకు నమ్మొచ్చో తేల్చుకోడానికి పద్ధతేదైనా ఉందా?

పాతకాగితం – పర్లాకిమిడి

వంశధార గారూ, ముందు మీ ఊరు అప్పట్లో ఏ జిల్లా కింద ఉండేదో చూసుకోండి. లేకపోతే సగం కాగితాలు దొరకవు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు రాజధాని. గునుపూర్, రాయగడ, జయపురం విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఉండేవి. పర్లాకిమిడి కొండలు గంజాం జిల్లాలో. ‘ఒడిశా సవరలు’ అని వెతికితే అంతకుముందు సరుకేదీ తగలదు. థర్‌స్టన్ 1909లో వేసిన ఏడు సంపుటాల్లో సవరలు ఆరో సంపుటం, మిగతా కొండ తెగల్లో కోందులు మూడోది, గదబలు రెండోది. బోండాల సంగతి కావాలంటే ఆరో సంపుటంలోనే పొరోజాల పద్దు తియ్యాలి.

ఇక ‘మొదటి’ అన్న మాట పలక మీద పెద్దక్షరాల్లో వెయ్యకండి. ఫాసెట్ పోలీసు అధికారి. ఆయన వ్యాసం వచ్చింది 1888లో. అప్పటికి ఎన్నో తరాల ముందునుంచే సవరలకు పర్లాకిమిడి జమీందారు మనుషులు తెలుసు, కొండ దారులు కాసే బిస్సోయీలు తెలుసు, వాళ్లకి కట్టే మామూళ్లు తెలుసు, ఉప్పూ బట్టా తెచ్చే వ్యాపారులు తెలుసు, పోలీసు ఠాణా తెలుసు. అంటే తెల్ల పరిశోధకుడు వచ్చి నిలబడేసరికి అతని చుట్టూ నలుగురు మధ్యవర్తులు ముందే నిలబడి ఉన్నారు. వాళ్లని పేజీలో వెతికి పట్టుకోవడమే మీ పని.

దానికి ప్రతి పేజీకీ ఒక చీటీ రాసుకోండి. ఏ నెలలో వచ్చాడు, ఎక్కడ దిగాడు, ఊరివాళ్లని ఎవరు పిలుచుకొచ్చారు, మాట ఏ భాష మీదుగా ఏ భాషలోకి వెళ్లింది. ఈ నాలుగింట్లో రెండింటికైనా జవాబు లేని పేజీని పలక మీదికి ఎక్కించవద్దు. ఎక్కించక తప్పకపోతే ‘ఫలానా ఆయన విన్నది’ అని పెట్టండి, ‘సవరలు ఇలా ఉంటారు’ అని కాదు.

కొలాబ్ – జయపురం

ఆ నాలుగింట్లోనూ చివరిది అసలు కీలకం. కొంచెం విడమరుస్తాను.

క్యాంపు ఎలా పడేదో చూడండి. కలెక్టరు కచేరీనుంచి తాఖీదు వెళ్లేది. ముఠాదారో (కొన్ని కొండ ఊళ్ల మీద పెత్తందారు) బిస్సోయీయో ఊళ్లకు కబురు పెట్టేవాడు. గుడారం బండి దారి ఉన్నచోట, నీళ్ల దగ్గర. మనుషులు అక్కడికి దిగిరావాలి, దొర కొండెక్కడు. వచ్చేదెవరు? మగవాళ్లు, నాయకుడి మాట తోసెయ్యలేనివాళ్లు, రోడ్డుకు దగ్గర ఊళ్లవాళ్లు. ప్రశ్న ఇంగ్లీషులో పుడుతుంది. గుమాస్తా దాన్ని తెలుగులోనో ఒడియాలోనో అడుగుతాడు. సవర భాష వచ్చిన పానో కులపు వ్యాపారి దాన్ని సవరలోకి మారుస్తాడు. కొరాపుట్ వైపు ఆ పని డొంబు కులంవాళ్లది. జవాబు మళ్లీ అదే దారిన వెనక్కి. మూడు గుమ్మాలు దాటి వచ్చిన జవాబు పుస్తకంలో ఒక వాక్యం అవుతుంది.

పోనీ ఆ మధ్యమనిషికి భాష బాగానే వచ్చనుకుందాం, అయినా చిక్కు ఉంది. చాలాచోట్ల ఆ సవర ఇంటికి అప్పిచ్చింది అతనే. పంట కళ్లంలో కొలిచి తీసుకుపోయేదీ అతనే. అతని ఎదుట నిలబెట్టి నీ భూమి ఎంత, నీకెంత పండింది, ఎవరికి ఎంత బాకీ అని అడిగితే ఏం చెబుతాడు? ‘వీళ్లకి లెక్కా పత్రం తెలీదు’ అన్న మాట పాత రాతల్లో కనబడినప్పుడల్లా పక్కన ఎవరు నిలబడి ఉన్నారో చూడండి. పెళ్లిళ్లు, పాటలు, వంటలు ఇలాంటివాటిలో ఇంత బెడద లేదు. అప్పు, భూమి, నేరం, సారా గురించి రాసింది మాత్రం అరువు తెచ్చుకున్న నోటితో చెప్పిన మాటే అనుకోండి.

పాతకాగితం – పర్లాకిమిడి

కొలాబ్ గారు చెప్పిన గొలుసును తెంచిన మనిషి మన ఊళ్లోనే ఉన్నాడు కదా. గిడుగు రామమూర్తి. రాజావారి బడిలో పాఠాలు చెబుతూ, తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నాడు. సవర పిల్లలకు బళ్లు పెట్టాడు, పుస్తకాలు రాశాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. థర్‌స్టన్ సవర వ్యాసంలో కూడా రామమూర్తి పంతులు అందించిన సమాచారం ఉంది. చాలామంది దాన్ని థర్‌స్టన్ చూసి రాసిందే అనుకుంటారు. మీ పలకల్లో ఆ ముక్కలకు గిడుగు పేరు పెట్టండి.

బ్రిటిష్ కాలంలో దేశభాషల మీద గ్రియర్సన్ చేసిన సర్వేలో వెతికి నిరాశ పడకండి. మద్రాసు, హైదరాబాదు రాజ్యాలు ఆ సర్వే పరిధిలోకి రాలేదు. సవరకు అందులో దక్కింది కొద్ది పేజీలే, 1906లో వచ్చిన నాలుగో సంపుటంలో. గిడుగు పని బరువు అందుకే అంత.

జీలుగుచెట్టు – పుట్టాసింగి

నెల సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను అందుకుంటాను.

దొరల పర్యటన నవంబరులో మొదలై ఫిబ్రవరి, మార్చి దాకా. జూన్ వచ్చిందంటే మన్యం జ్వరం భయం, వాగులు దాటలేరు. మరి కొండ మీద ఆ నాలుగైదు నెలల్లో ఏం జరుగుతుంది? చోడి, సామ, కంది ఇంటికొస్తాయి. జీలుగు కల్లు దిగుతుంది. పెళ్లిళ్లు, దున్నపోతులు కొట్టే కర్మకాండలు అన్నీ అప్పుడే. పోడుకి చెట్లు కొట్టడం మాఘ ఫాల్గుణాల్లో మొదలవుతుంది, ఎండాక వైశాఖంలో కాలుస్తారు, తొలకరికి జల్లుతారు. తర్వాత కలుపు, ఆపైన పంట కాపలా, మంచె మీద రాత్రిళ్లు. శ్రావణ భాద్రపదాలకి గాదె అడుగంటితే మామిడి టెంక ఎండబెట్టి, దంచి, నానబెట్టి, వగరు తీసి అంబలి కాస్తారు.

ఇందులో పాత పుస్తకాలకి దొరికిందేటి? కల్లు, డప్పు, దున్నపోతు. దొరకందేటి? కలుపు, కాపలా, టెంకల అంబలి. ‘తాగుతారు, ఆడతారు, రేపటి చింత లేదు’ అన్న మాట అందువల్ల పుట్టింది. అబద్ధం కాదు, చూసినంత వరకు చూశారు. ఏడాదిలో మూడోవంతు చూసి ఏడాదంతా రాసేశారు, అదీ గొడవ.

మీ పలకల్లో ఒకటి పూర్తిగా క్యాలెండరే వెయ్యండి. పన్నెండు గళ్ల చక్రం. లోపలి వరసలో పొలం పని, బయటి వరసలో ఏ పరిశోధకుడు ఏ నెలల్లో తిరిగాడన్నది. ఎక్కువ మాటలు అక్కర్లేదు, పిల్లలు కూడా పట్టేస్తారు.

మా రాతికట్టు మళ్ల గురించి వాళ్లు రాసింది మాత్రం బాగుంటుంది. వాలుకి అడ్డంగా రాళ్లు పేర్చి మడి, దాని కింద ఇంకో మడి. ఊటనీటిని పైమడిలోకి మళ్లించి ఒక్కో మడినుంచి కిందికి జార్చడం. సున్నం లేదు, సిమెంటు లేదు. అది ఎండాకాలంలోనూ కళ్లకి కనబడేదే, అందుకే తప్పు పోలేదు.

వంశధార – గునుపూర్

క్యాలెండరు పలక ఖాయం. ఇంకో సందేహం. థర్‌స్టన్ సంపుటాల్లో ముక్కు కొలతలు, తల కొలతలు పట్టికలుగా ఉన్నాయి. అవి చూపించాలా, వదిలెయ్యాలా? చూపిస్తే మన పిల్లలు అదే నిజమనుకుంటారేమోనని భయం.

లెక్కల మాస్టారు – రాయగడ

చూపించండి, కానీ లెక్క చేసి చూపించండి. దాని పస అక్కడే తేలిపోతుంది.

ముక్కు సూచిక అంటే ముక్కు వెడల్పుని 100తో గుణించి ఎత్తుతో భాగించడం. 70 లోపు వస్తే సన్నముక్కు, 70 నుంచి 85 లోపు మధ్యరకం, 85 ఆపైన చదునుముక్కు. తల సూచిక అంటే తల వెడల్పుని 100తో గుణించి పొడవుతో భాగించడం. 75 లోపు పొడుగు తల, 75 నుంచి 80 మధ్యరకం, ఆపైన గుండ్రటి తల. రిస్లీ లాంటి బ్రిటిష్ అధికారులు వీటిమీదే జాతుల మెట్లు కట్టారు.

ఇప్పుడు ఒక మనిషి ముక్కు వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 45 అనుకోండి. సూచిక 80, మధ్యరకం. ముక్కు ఎత్తు కొలవడం మొదలెట్టాల్సింది కనుబొమల మధ్య, ముక్కుదూలం నుదుటిని కలిసే గుంటలో. కొలిచే చెయ్యి మూడు మిల్లీమీటర్లు కిందినుంచి మొదలెడితే ఎత్తు 42 అవుతుంది, సూచిక 85.7. అదే మనిషి చదునుముక్కు జాతిలో పడ్డాడు. వెడల్పు కొలిచేటప్పుడు కాలిపర్స్ కాళ్లు ముక్కుపుటాలకి ఆనీ ఆననట్టు ఉండాలి. నొక్కితే ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గిపోతుంది, ఈసారి సూచిక అటువైపు జారుతుంది, అంచున ఉన్నవాడి జాతి మారిపోతుంది. తల సంగతి ఇంకా సున్నితం. పొడవు 190, వెడల్పు 142 అయితే 74.7, పొడుగు తల. వెడల్పు 143 అంటే 75.3, మధ్యరకం. జుట్టు ఒత్తుగా ఉంటేనే ఒక మిల్లీమీటరు తేడా వస్తుంది.

పలక పక్కన బల్ల మీద ప్లాస్టిక్ కాలిపర్స్ రెండు, ఖాళీ పట్టిక కాగితాలు పెట్టండి. చెక్క బొమ్మ తలో, కుండో ఒకటి పెట్టి ఐదుగురు పిల్లల చేత విడివిడిగా కొలిపించి రాయించండి. ఒకే వస్తువుకి ఐదుగురికీ ఒకే అంకె రావడం అరుదు. మనుషుల తలల మీద మాత్రం చేయించకండి, అది మళ్లీ అదే పని అవుతుంది.

కొలాబ్ – జయపురం

మాస్టారూ, బాగా చెప్పారు. దీనికి ఇంకొకటి చేర్చాలి. కొలిపించుకున్నవాళ్లు ఏమనుకున్నారో థర్‌స్టన్ తన పుస్తకం మొదట్లో తనే రాసుకున్నాడు, కొంత వేళాకోళంగా. తాను వస్తే కొన్నిచోట్ల జనం భయపడి పారిపోయేవాళ్లట. నీలగిరిలో ఒక ఇరులాయన ఎత్తు కొలిచే కొయ్యని ఉరికంబం అనుకుని ససేమిరా అన్నాడట. వయనాడులో పణియ ఆడవాళ్లు తమలో మంచి మంచివాళ్లని ఏరి, గడ్డి కూరి మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని భయపడ్డారట. ఆయనకి అది హాస్యం. మనకి సాక్ష్యం: ఆ పట్టికలో ఉన్నవాళ్లంతా పారిపోలేకపోయినవాళ్లు. పారిపోయినవాళ్ల అంకెలు ఏ సగటులోనూ లేవు. ఇవి దక్షిణాది సంగతులు కాబట్టి సవర పలకలో కలిపెయ్యకండి, కొలతల పలకలో ఊరు పేరుతో సహా వెయ్యండి.

మ్యూజియం ప్రస్తావన వచ్చింది కాబట్టి, కోందుల మెరియా (నరబలి) కొయ్య ఒకటి బల్లిగుడనుంచి మద్రాసు మ్యూజియానికి చేరింది. మెరియా మీద మొదట రాసింది మానవశాస్త్రజ్ఞులు కూడా కాదు, సైన్యంతో వచ్చిన మాక్ఫర్సన్, క్యాంప్‌బెల్ లాంటి అధికారులు. 1835–36 ఘుమ్సర్ యుద్ధం తర్వాత కథ అది. కొండలోకి దళాన్ని పంపడానికి కారణం చూపించాల్సిన వాడే ఆచారాన్ని వర్ణిస్తున్నాడు. దాన్ని మీ ప్రదర్శనలోకి తెస్తే రెండు పలకలు మింగేస్తుంది. వద్దనే నా మాట.

కిక్రీ – కిన్వట్

సవరల పక్కనే గోండులకూ రెండు పలకలు ఇయ్యుండ్రి అన్నా. పోల్చి చూస్తే పిల్లలకు ఇంకా బాగ సమజవుతది. గునుపూర్ల నాలుగు రోజులు గుడారం ఏసినోడికీ, ఊళ్లె కాపురం పెట్టినోడికీ ఎంత తేడానో గోండుల మీద రాసిన హైమెండార్ఫ్ తోటి తెలుస్తది.

ఆయన వియన్నా మనిషి. 1939ల లడాయి మొదలైనప్పుడు ఇండియాల ఉన్నడు, చేతిల జర్మన్ పాస్‌పోర్టు. అంగ్రేజు సర్కారుకు శత్రుదేశపోడు. నిజాం ఇలాకా దాటకుండ ఉండాలన్న షరతు మీద పరిశోధన చేసుకోనిచ్చిన్రు. ముందు అమ్రాబాద్ చెంచులు, తర్వాత గోదావరి గట్టు కొండరెడ్లు, ఆ తర్వాత మా గోండులు. 1940ల జోడెన్‌ఘాట్‌ల కుమ్రం భీమును చంపినంక సర్కారుకు భయం పట్టుకున్నది, అసలు వీళ్లకు ఏం కావాలె అని తెలుసుకోను ఈయనను అడిగిన్రు. అంటే ఈయన కూడ సర్కారు పంపినోడే. అది దాయొద్దు. కాని మార్లవాయిల గుడిసె కట్టుకొని, భార్య బెట్టీతోటి వానకాలం కూడ అక్కడనే ఉన్నడు, గోండి నేర్చుకున్నడు. మార్లవాయిల గోండు మాస్టర్లకు శిక్షణ కేంద్రం నడిపిన్రు, దేవనాగరి లిపిల గోండి వాచకాలు అచ్చేసిన్రు. రాసిన నివేదికలల్ల అటవీశాఖ జుల్మానా, పట్వారీలు భూమి గుంజుకునుడు సాఫ్‌గ ఉన్నయి. ఆడోళ్లు ఇంట్ల ఏం మాట్లాడుకుంటరో బెట్టీ ఉండబట్టే ఆయన పుస్తకాలకు ఎక్కింది. ఆమె పేరు మాత్రం అన్ని పుస్తకాల జిల్ద్ మీద ఉండది.

ఇంకొకటి. ఆయన పుస్తకం పేరు మీద ఆదిలాబాద్ అని ఉంటది గని, అప్పటి ఆదిలాబాద్ జిల్లల కిన్వట్, రాజురా కూడ ఉండె. 1956ల రాష్ట్రాలు విడగొట్టినప్పుడు మేము ఇటు వచ్చినం. మరాఠ్వాడ, చంద్రపూర్ దిక్కు పిల్లలు ‘అది తెలంగాణ గోండుల పుస్తకం’ అని పక్కకు పెడుతున్నరు. పటం తీసి చూపెట్టుండ్రి.

సిరొంచ రేవు – గడ్చిరోలి

కిక్రీ అన్న చెప్పినదానికంటే ఎనభై ఏండ్ల ముందటి ముచ్చట. నాగపూర్ పాద్రి హిస్లాప్ ఒక పర్ధాన్ (గోండుల కథలు పాడేటోడు) దగ్గర గోండుల వీరుడు లింగో కథ మొత్తం రాసుకున్నడు. 1863ల వాగు దాటుకుంట మునిగి పోయిండు. కాగితాలను రిచర్డ్ టెంపుల్ 1866ల అచ్చేయించిండు. గోండి మాటలు రోమన్ లిపిల, కింద ఇంగ్లీషు. పాడినోడు ఒకడు, రాసినోడు ఇంకొకడు, దిద్దినోడు మూడోవాడు. తర్వాత ఫోర్సిత్ దాన్ని ఇంగ్లీషు పద్యం చేసిండు, వరస మొత్తం మారిపోయింది. పలకకు ఎక్కించాలంటే 1866 పాఠమే తీసుకోండ్రి, పద్యం ముట్టకుండ్రి. అదే కథ ఇప్పుడు పాడే పర్ధాన్‌తోటి పాడించి పక్కన ఫోన్‌ల ఇనిపిస్తే ఇంకా మంచిది. ఎక్కడ కలుస్తలేదో పిల్లలే చెప్తరు.

మా సిరొంచ అప్పట్ల ఎగువ గోదావరి జిల్లకు సదరు ఠాణా. గ్లాస్‌ఫర్డ్ బస్తర్ నివేదిక 1862లనిది. అది పన్ను లెక్కలకోసం రాసింది, చదివేటప్పుడు అది యాదికి పెట్టుకోండ్రి.

లెక్కల మాస్టారు – రాయగడ

గోండుల సంగతి వచ్చింది కాబట్టి చుట్టరికాల పట్టిక గురించి ఒక ముక్క. 1898లో టారెస్ జలసంధికి వెళ్లిన కేంబ్రిడ్జి బృందంలో రివర్స్ అనే వైద్యుడు వంశవృక్షాలు రాబట్టే పద్ధతి పెట్టాడు. అమ్మ, నాన్న, బిడ్డ, మొగుడు, పెళ్లాం ఈ ఐదు వరసలతోనే అడగాలి. అన్నదమ్ములెవరు, మామ ఎవరు అని అడగకూడదు. ఎందుకంటే మనకి పెదనాన్న కొడుకూ అన్నే, తెల్లవాళ్లకి కాడు. మేనరికం ఉన్న మన తెలుగువాళ్లకి ఇది చిటికెలో ఎక్కుతుంది. గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నదమ్ముల సగలు (గోత్రాల గుంపులు) ఉన్నాయి. ఒకే సగలో పెళ్లి కుదరదు. ఆత్రం, కుమ్రం, మెస్రం, మడావి లాంటివి ఇంటిపేర్లలా కనిపించినా సగ కింద వచ్చే గోత్రాలు. పాత జనాభా లెక్కల్లో వీటిని ఉపకులాలని రాసిన చోట్లు చూసుకోండి.

జీలుగుచెట్టు – పుట్టాసింగి

ఎల్విన్ దగ్గరికి రండి, అందరూ తప్పుకుంటున్నారు.

ఎల్విన్ 1940ల్లో మా కొండలు తిరిగాడు. సవరల మతం మీద పుస్తకం 1955లో వచ్చింది. మనసున్న మనిషే, కొండవాళ్ల పక్షాన పోట్లాడాడు. కానీ ఆయనకి హిందీ, ఛత్తీస్‌గఢీ బాగా వచ్చు. సవరకి మాత్రం దుబాసీల మీద ఆధారపడ్డాడు. ఆ పుస్తకంలో సోనుమ్‌ల (మేం కొలిచే ఆత్మల) పేర్లు జాబితాలు జాబితాలుగా ఉంటాయి. చదివితే మాకు దేవతల కచేరీ ఒకటి ఉందనీ, ఒక్కోరికీ ఒక్కో శాఖ ఉందనీ అనిపిస్తుంది.

1975నుంచి వచ్చిన విటెబ్‌స్కీ అనే పరిశోధకుడు సవర నేర్చుకుని కూర్చున్నాడు. ఆయనకి కనబడింది వేరు. పూనకంలో ఉన్న కురాన్ (చనిపోయినవాళ్లతో మాట్లాడించే మనిషి) నోట చనిపోయినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మాట్లాడతారు. బతికున్నవాళ్లు చుట్టూ కూర్చుని వాదిస్తారు, ఏడుస్తారు, ఎలా పోయావని అడుగుతారు, అప్పులు, ఆస్తులు తేలుస్తారు. మనిషి ఎలా చనిపోయాడన్నదాన్ని బట్టి మొదట ఒక సోనుమ్‌లో ఉంటాడు, కర్మలు జరిగేకొద్దీ ఇంకో స్థితికి మారతాడు. గంటల తరబడి నడిచే ఈ మాటల్లో దుబాసీ పది మాటలకి ఒకటి చెబితే, ఎల్విన్ చేతికి మిగిలేది సోనుమ్ పేరు, బలి ఇచ్చిన జంతువు. జాబితా ఎలా పుట్టిందో ఇప్పుడర్థమవుతుంది. రెండు పుస్తకాలూ ఒకే పలక మీద పక్కపక్కన పెట్టండి, ఒకే రకం ఆచారం గురించి ఇద్దరి పేజీలూ. మీ ప్రదర్శన మొత్తానికి ఈ పలక ఒక్కటీ చాలు.

కొలాబ్ – జయపురం

ఎల్విన్ పుస్తకంలోని గోడబొమ్మలు కూడా వేస్తే బాగుంటుంది కదా. చూడ్డానికి అందంగా ఉంటాయి, జనం ఆగుతారు.

జీలుగుచెట్టు – పుట్టాసింగి

అందంగా ఉంటాయనే వెయ్యొద్దంటాను. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో, వెదురు పుల్లతో వేస్తాం. చుట్టూ గీత ఇల్లు, లోపల మనుషులు, గుర్రాలు, ఏనుగులు, ఇప్పుడైతే సైకిలు, విమానం కూడా. అది ఫలానా ఇంట్లో ఫలానా చనిపోయినవారి కోసమో సోనుమ్ కోసమో వేసేది. దాని ముందు కుండ వేలాడదీసి నైవేద్యం పెడతారు. ఎవరికోసం అన్నది లేకుండా గోడకెక్కిస్తే ముగ్గు అయిపోతుంది. ఇప్పటికే చీరల మీదా సంచుల మీదా అదే గతి. చాలా ఊళ్లు బాప్టిస్టులయ్యాయి, వాళ్లకి ఆ బొమ్మ చూస్తే ఇబ్బంది. ఇంకా వేసేవాళ్లకి మరో రకం ఇబ్బంది.

కొలాబ్ – జయపురం

మరైతే అసలు బొమ్మే లేకుండా సవరల ప్రదర్శనా? ఎల్విన్ తీసుకోకపోయుంటే కొన్ని నమూనాలు ఈపాటికి లేకుండా పోయేవి. ఒకటి వెయ్యండి. ఏ ఊరు, ఎవరికోసం, ఏ జబ్బు వస్తే వేశారు అన్నది ఎల్విన్ చెప్పిన దాన్ని కింద పూర్తిగా రాయండి. ఆ మూడూ లేనివి వదిలెయ్యండి.

జీలుగుచెట్టు – పుట్టాసింగి

ఒకటైతే సరే. గుమ్మం ఎదురుగా కాదు. ముందు ఊరివాళ్లకి చూపించాకే.

పాతకాగితం – పర్లాకిమిడి

హక్కుల సంగతి తేల్చుకోండి. మన చట్టంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాదినుంచి 60 ఏళ్లు. థర్‌స్టన్ 1935లో, గిడుగు 1940లో పోయారు, చిక్కు లేదు. ఎల్విన్ పోయింది 1964లో, కాబట్టి 2024 ఆఖరుతో ఆయన రాతలు కూడా బయటపడ్డాయి. హైమెండార్ఫ్ 1995లో పోయాడు, 2055 ఆఖరుదాకా హక్కులుంటాయి. ఆయన ఫొటోలు లండన్‌లో సోయాస్ విశ్వవిద్యాలయం భద్రపరిచింది, అడిగి వాడుకోవాలి. విటెబ్‌స్కీ పుస్తకాలకీ అనుమతి కావాల్సిందే. పలకకు రెండు మూడు వాక్యాల ఉల్లేఖన అయితే పెద్ద బెడద ఉండదు, పేజీ మొత్తం ఫొటోకాపీ తీసి అంటించకండి.

ఫొటోలు స్కాన్ చేసేటప్పుడు 600 డీపీఐ, రంగుల్లో, అంచులతో సహా. పాత అచ్చు నలుపు తెలుపే అయినా రంగులోనే చెయ్యాలి. కింద ఉన్న వ్యాఖ్య కత్తిరించకండి, ఆ వ్యాఖ్యే సాక్ష్యం. పేరు లేకుండా ‘సవర మగవాడు’ అని మాత్రమే ఉంటే అలాగే ఉంచి, ‘ఈయన పేరు రాసుకోలేదు’ అని కింద ఒక వరస వెయ్యండి. ఒంటి మీద బట్ట లేకుండా నిలబెట్టి ముందునుంచీ పక్కనుంచీ తీసినవి మాత్రం గోడకెక్కించవద్దు, సైజు తగ్గించి కూడా.

మనుషులు బిర్రుగా నిలబడ్డారని ‘కోపిష్ఠివాళ్లు’ అని పిల్లలు అనుకుంటారు. అప్పటి గాజు పలకల మీద చెట్టునీడలో తీస్తే సెకను, అంతకంటే ఎక్కువా కదలకుండా ఉండాల్సొచ్చేది. ఆ ముక్క ఫొటోల పలకలో చేర్చండి.

లెక్కల మాస్టారు – రాయగడ

కోపం అంటే గుర్తొచ్చింది, బోండాల హత్యల అంకెలు ఎక్కడా వెయ్యకండి. జనం తక్కువున్న చోట శాతాలు ఎగిరిపడతాయి. 2,500 మంది ఉన్న గుంపులో ఏడాదికి ఒక్క హత్య జరిగినా లక్షకి 40 అని లెక్క వస్తుంది. మరుసటేడు ఏమీ జరగకపోతే సున్నా. ఎల్విన్ బస్తర్ మరియా తెగవాళ్ల మీద రాసిన 1943 పుస్తకం వంద హత్య కేసుల కాగితాల మీద నిలబడింది. కోర్టుకి వచ్చినవే అవి. ఊళ్లో పెద్దలు తీర్చిన తగాదాలకి కాగితం ఉండదు.

వంశధార – గునుపూర్

చాలా సాయం చేశారు. ఇక ఊరివాళ్లకి ముందు చూపించడం ఎలా? పలకలన్నీ అచ్చయ్యాక పిలిస్తే మార్చడానికి డబ్బుండదు.

జీలుగుచెట్టు – పుట్టాసింగి

అచ్చు కాకముందే. మామూలు ఏ4 కాగితం మీద నలుపు తెలుపులో ఒక ప్రతి తియ్యండి. గొమాంగ్‌ని (ఊరి నాయకుడు), బుయ్యని (పూజారి) విడిగా కలవండి, అదే ఊళ్లో చర్చి పెద్దని కూడా. అందరినీ ఒకచోట కూర్చోబెడితే ఒకళ్లే మాట్లాడతారు. ఆడవాళ్లకి వేరే పూట, నీళ్లూ వంటా అయ్యాక. పలకలో రాసింది సవరలో చదివి వినిపించాలి, తెలుగులో చదివి ‘అర్థమైందా’ అంటే అవునంటారు. చదివేవాడు ఆ ఊరివాడే అయి ఉండాలి, షావుకారు మనిషి కాకూడదు. ఒక పూటకి మూడు పలకలు మించితే వినరు. అభ్యంతరం చెప్పిన ముక్కని కొట్టెయ్యకుండా పక్కన ఏం చెప్పారో రాసుకోండి. చాలాసార్లు ఆ మాటే పలకలో వేసుకోవడానికి బాగుంటుంది. వాళ్ల పేరు వెయ్యాలా వద్దా అన్నది వాళ్లనే అడగండి. శ్రావణంలో వెళ్లకండి, కలుపులో ఉంటారు.

పాతకాగితం – పర్లాకిమిడి

పలక కొలత ఏ2 చాలు. ఒక్కోదానికి 120 మాటలు దాటితే నిలబడి చదవరు. తెలుగు అక్షరం 28 పాయింట్లు తగ్గకూడదు, ఒత్తులూ గుడులూ కలిసిపోతాయి. పలక మధ్య భాగం నేలనుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో వచ్చేలా పెట్టండి. ఒక పలక సవరలో కూడా ఉండాలి. లిపి ఏదన్నది మీ ఊరివాళ్లే తేల్చాలి: 1936లో మంగేయ్ గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ ఉంది, తెలుగు లిపిలో గిడుగు దారి ఉంది, ఒడియా లిపీ నడుస్తోంది. ఫాంటు మాత్రం ముందే అచ్చు దుకాణంలో ఒక వరస కొట్టించి చూసుకోండి. సొరాంగ్ సొంపెంగ్ అక్షరాల చోట ఖాళీ గళ్లు పడటం మామూలే. పీడీఎఫ్‌లో ఫాంటు పొదిగి ఇస్తే ఆ గొడవ ఉండదు.